గగన మార్గ దూరములు: ముద్రిత అంకెలపై ఒక విమర్శ

హైదరాబాదునుండి అండమాను దీవులలోని పోర్టు బ్లేరుకు విమాన మార్గమున ఎంత దూరము? ఈ ప్రశ్నకు ఒకే సమాధానము ఉండవలెనని విద్యార్థి అనుకొనును. ఉపాధ్యాయుడును తరచు అట్లే అనుకొనును. కాని భూగోళ పాఠములను, అట్లాసుల చివరనుండు పట్టికలను, పర్యాటకులకు పంచు కరపత్రములను ఒకచోట పెట్టి చూచినచో, ఒకదానితో నొకటి పొసగని అంకెలు కనబడును. ఒకచోట దశాంశ బిందువు తరువాత రెండు స్థానములవరకు దూరము నిత్తురు. మరియొకచోట వందలకు సవరించి యిత్తురు. ఆ దూరము ఎక్కడనుండి ఎక్కడకు, ఏ రేఖ వెంబడి, ఏ కొలతలో అను సంగతి మాత్రము సాధారణముగా చెప్పరు. ఈ వ్యాసము ఆ లోపమును గూర్చిన విమర్శ. (2024 సెప్టెంబరులో పోర్టు బ్లేరునకు శ్రీ విజయపురమని పేరు మార్చిరి. పుస్తకములలో ఇంకను పాత పేరే ఎక్కువగా కనబడుచున్నందున, పోల్చి చూచుకొనుటకు వీలుగా దానినే వాడుచున్నాను.)

ఈ విమర్శకు నన్ను పురికొల్పినది నేను చేసిన ఒక పొరపాటు. ములుగు ప్రాంతములోని ఒక ఉన్నత పాఠశాలలో విజ్ఞాన దినోత్సవమునాడు ప్రశ్నోత్తరముల పోటీ జరిగినది. నేను న్యాయనిర్ణేతను. చెన్నైనుండి పోర్టు బ్లేరుకు ఓడ మార్గమున దూరమెంత అనునది ఒక ప్రశ్న. నా చేతిలోని కాగితముపై 1,190 కిలోమీటర్లని ఉన్నది. తొమ్మిదవ తరగతి బాలిక ఒకతె లేచి, "పదమూడు వందల యాభై కంటె తక్కువ ఉండదు సార్" అన్నది. తప్పు అంటిని. ఆమె కూర్చుండలేదు. "గ్లోబు మీద దారం పెట్టి కొలిచిన సార్. మూడు సెంటీమీటర్ల మీద వచ్చింది. తక్కువ ఎట్లయితది?" అని అడిగినది. కాలము మించుచున్నదని తరువాతి ప్రశ్నకు పోయితిని. మార్కు ఈయలేదు.

ఆ సాయంకాలము ఇంటికి వచ్చి లెక్క వేసి చూచితిని. ఆమె చెప్పినదే సరి. నా కాగితముపై నున్నది ఉండుటకే వీలులేని అంకె.

కొలవవలసిన రేఖ ఏది?

గోళముయొక్క ఉపరితలముపై రెండు స్థలములను కలుపు మార్గములలో అతి హ్రస్వమైనది మహావృత్తముయొక్క చాపము. గోళకేంద్రముగుండా పోవు తలము గోళమును ఖండించినపుడు ఏర్పడు వృత్తమే మహావృత్తము. భూమధ్యరేఖ అట్టిది. ప్రతి రేఖాంశమును దాని ఎదుటి రేఖాంశముతో కలిపిన అట్టిదే యగును. ఇతర అక్షాంశ వృత్తములు చిన్నవి. అవి మహావృత్తములు కావు. గ్లోబుపై రెండు ఊళ్ళ నడుమ దారమును బిగించి లాగినచో అది తనంతట తానే మహావృత్తముపై కూర్చుండును. పాఠశాలలో ఇంతకన్న నమ్మదగిన పరికరము మరియొకటి లేదు.

దీనినుండి ఒక నియమము వచ్చుచున్నది. ఓడ కాని, విమానము కాని, పక్షి కాని, భూమి ఉపరితలముపై రెండు స్థలముల నడుమ మహావృత్త దూరమునకంటె తక్కువ దూరములో ప్రయాణింపజాలదు. ఎక్కువ పోవచ్చును, తక్కువ పోజాలదు. కనుక ఏ ముద్రిత దూరమైనను ఈ కనిష్ఠ దూరముకన్న చిన్నదిగా నున్నచో, ఆ అంకె తప్పని నిస్సందేహముగా చెప్పవచ్చును. ఆ మార్గముగూర్చి మనకేమియు తెలియనక్కరలేదు.

అండమానులగూర్చి మన పుస్తకములలో, కరపత్రములలో మూడు అంకెలు తరచుగా కలిసి కనబడును. కలకత్తానుండి పోర్టు బ్లేరు 1,255 కిలోమీటర్లు, చెన్నైనుండి 1,190, విశాఖపట్నమునుండి 1,200. వీనిని వరుసగా పరీక్షింతము.

చెన్నై ఓడరేవు సుమారు 13.1 డిగ్రీల ఉత్తర అక్షాంశమున, 80.3 డిగ్రీల తూర్పు రేఖాంశమున నున్నది. పోర్టు బ్లేరు 11.7 డిగ్రీల అక్షాంశమున, 92.7 డిగ్రీల రేఖాంశమున నున్నది. ఉత్తర దక్షిణములుగా తేడా 1.4 డిగ్రీలు. ఒక డిగ్రీ అక్షాంశము 111.2 కిలోమీటర్లు గనుక ఇది 156 కిలోమీటర్లు. తూర్పు పడమరలుగా తేడా 12.4 డిగ్రీలు. భూమధ్యరేఖనుండి ధ్రువములవైపు పోయినకొలది రేఖాంశముల ఎడము తగ్గును గనుక, సగటు అక్షాంశముయొక్క కోసైనుతో హెచ్చవేయవలెను. పండ్రెండు డిగ్రీల పైచిలుకు అక్షాంశమున ఒక డిగ్రీ రేఖాంశము సుమారు 108.6 కిలోమీటర్లు. కావున తూర్పు పడమర తేడా 1,347 కిలోమీటర్లు. పైథాగరసు సిద్ధాంతముచే ఈ రెండింటిని కలిపిన 1,356 కిలోమీటర్లు వచ్చును. ఓడ బాణమువలె సూటిగా పోయినను ఇంతకు తగ్గదు. పుస్తకములోని 1,190 దీనికంటె 160 కిలోమీటర్లకు పైగా తక్కువ!

కలకత్తాకు ఇదే లెక్క వేసిన 1,297 కిలోమీటర్లు వచ్చును. పుస్తకములోని 1,255 అంతకన్న 42 కిలోమీటర్లు తక్కువ. పైగా ఓడ కలకత్తానుండి హుగ్లీనది వంపులవెంట దిగి సముద్రమును చేరవలెను గనుక నిజమైన మార్గము ఇంకను ఎక్కువే. విశాఖపట్నమునకు లెక్క 1,216 వచ్చును. 1,200 అనునది వందలకు సవరించిన అంకె యని దీనిని క్షమింపవచ్చును. మూడింటిలో ఒకటి మాత్రమే ఉత్తీర్ణమైనది, అదియు అంచులమీద.

ఇవి మైళ్ళేమో, కిలోమీటర్లని పొరపాటున వ్రాసిరేమో అని కూడ చూచితిని. చెన్నై దూరము సాధారణ మైళ్ళలో సుమారు 843. నాటికల్ మైళ్ళలో సుమారు 732. 1,190 దేనితోను కుదరదు. అంకె ఎక్కడ పుట్టినను, అది ఒక పుస్తకమునుండి మరియొక పుస్తకమునకు పరీక్ష లేకుండ నకలు చేయబడినదని మాత్రము చెప్పక తప్పదు. నకలు చేసిన ప్రతివారును అచ్చయినది గదా యని నమ్మిరి. నేనును అట్లే నమ్మితిని. ఒక బాలిక మాత్రము దారమును నమ్మినది.

ఇది చిన్న సంగతి యని కొందరు అనవచ్చును. 2011 జనాభా లెక్కల ప్రకారము అండమాను నికోబారు దీవులలో నూటికి పదమూడుమందికి తెలుగు మాతృభాష. ఎందరో తెలుగువారికి ఈ దూరము స్వగ్రామమునకు పోయి వచ్చు దూరము. అయినను అసలు నష్టము దూరములో లేదు. కొలిచి చెప్పిన విద్యార్థిని తప్పని, కంఠస్థము చేసిన విద్యార్థిని ఒప్పని మనము నిర్ణయించినపుడు, విజ్ఞాన శాస్త్రమునకు వ్యతిరేకమైన పాఠమును విజ్ఞాన దినోత్సవమునాడే నేర్పినవారమగుదుము.

అధిక దశాంశముల దోషము

పై దోషమునకు సరిగా ఎదురుగా మరియొక దోషము కలదు. అది ఉండవలసిన దానికంటె ఎక్కువ సూక్ష్మముగా చెప్పుట. హైదరాబాదు, పోర్టు బ్లేరుల నడుమ దూరము 1,659.73 కిలోమీటర్లని యెవరైన వ్రాసినచో విద్యార్థి ముగ్ధుడగును. రెండు దశాంశముల వరకు తెలిసినవాడు తప్పు చెప్పునా యనుకొనును. ఈ దూరమును మనమే లెక్కించి, అందలి దశాంశములకు ఎంత విలువ గలదో చూతము.

శంషాబాదు విమానాశ్రయము 17.23 డిగ్రీల అక్షాంశమున, 78.43 డిగ్రీల రేఖాంశమున నున్నది. పోర్టు బ్లేరు విమానాశ్రయము 11.64 డిగ్రీల అక్షాంశమున, 92.73 డిగ్రీల రేఖాంశమున నున్నది. గోళ త్రికోణమితిలోని సూత్రము ఇది: రెండు అక్షాంశముల సైనుల లబ్ధమునకు, ఆ రెండు అక్షాంశముల కోసైనులను రేఖాంశముల తేడాయొక్క కోసైనుతో హెచ్చవేయగా వచ్చిన దానిని కలుపవలెను. అట్లు వచ్చిన సంఖ్య భూకేంద్రమువద్ద ఆ రెండు స్థలములు చేయు కోణముయొక్క కోసైను. మన ఉదాహరణములో మొదటి భాగము 0.0598; రెండవ భాగము 0.9065, మొత్తము 0.9663. దీనికి సరియగు కోణము సుమారు 14.93 డిగ్రీలు. దానిని 111.2 చేత హెచ్చవేసిన 1,660 కిలోమీటర్లు వచ్చును.

ఇప్పుడు ఈ 1,660 ఎంత గట్టిదో పరీక్షింతము. భూమిని 6,371 కిలోమీటర్ల వ్యాసార్థము గల పరిపూర్ణ గోళమని మనము అనుకొంటిమి. నిజమునకు భూమి ధ్రువములవద్ద కొంచెము అణగియున్నది. భూమధ్యరేఖ వద్ద వ్యాసార్థము 6,378 కిలోమీటర్లు, ధ్రువములవద్ద 6,357. ఈ ఆకారమును లెక్కలోనికి తీసికొన్నచో మన దూరము సుమారు ఒక కిలోమీటరు మారును. అనగా గోళ సూత్రముతో లెక్కించి దశాంశములు వ్రాయువారికి పూర్ణాంకములోని చివరి అంకె యైనను నిశ్చయముగా తెలియదు.

స్థలము సంగతి అంతకన్న పెద్దది. 2008 మార్చివరకు హైదరాబాదు ప్రయాణికుల విమానములు బేగంపేటనుండి నడచెడివి. ఆ తరువాత శంషాబాదునుండి నడచుచున్నవి. బేగంపేటనుండి లెక్కించిన పోర్టు బ్లేరు దూరము సుమారు 1,665 కిలోమీటర్లు. కనుక ఆ మార్పుతో "హైదరాబాదునుండి గగన మార్గ దూరము" అయిదు కిలోమీటర్లు తగ్గినది. ఊరు కదలలేదు, ద్వీపము కదలలేదు, అంకె కదలినది. చార్మినారునుండి కొలిచితిమా, బేగంపేటనుండియా, శంషాబాదునుండియా అని చెప్పకుండ దశాంశములు వ్రాయుట, ధాన్యమును బండ్లతో తోలి చివరకు గురిగింజలతో తూచుటవంటిది.

ఇక్కడ ఒక సంతోషకరమైన విశేషము కలదు. పైన చెన్నైకి వాడిన సులభ పద్ధతినే, అనగా పైథాగరసు పద్ధతినే, హైదరాబాదుకు కూడ వాడి చూడవచ్చును. అక్షాంశముల తేడా 5.59 డిగ్రీలు, అనగా 622 కిలోమీటర్లు. రేఖాంశముల తేడా 14.30 డిగ్రీలు, సగటు అక్షాంశముయొక్క కోసైను 0.968తో హెచ్చవేసిన 1,539 కిలోమీటర్లు. రెండింటిని కలిపిన మరల 1,660 వచ్చును. గోళ త్రికోణమితికిని దీనికిని తేడా ఒక కిలోమీటరుకు మించదు. కావున పదవ తరగతి విద్యార్థికి తెలిసిన గణితముతోనే ఈ దూరమును కనుగొనవచ్చును. కోసైనును మరచినచో మాత్రము 1,707 వచ్చును. 47 కిలోమీటర్లు తప్పు. ఏ మెట్టును విడువవచ్చునో, ఏ మెట్టును విడువరాదో తెలిసికొనుటయే ఇందులో నేర్వవలసిన విషయము.

గోడపటముపై మోపబడిన నేరము

దూరములను గూర్చి వ్రాయువారు కొందరు మెర్కేటరు పటమును నిందించుట ఒక అలవాటైనది. 1569లో మెర్కేటరు రచించిన ఆ పటము నావికులకొరకు ఉద్దేశింపబడినది. దానిపై గీచిన సరళరేఖ దిక్సూచిలో ఒకే దిక్కును చూపును. అందుకు మూల్యముగా ధ్రువములవైపు పోయినకొలది భూభాగములు ఉబ్బి కనబడును. అరువది డిగ్రీల అక్షాంశమున పొడవు రెండింతలగును. ఇది నిజమే. కాని "గోడపటముపై సరళరేఖ గీచి దూరము చెప్పుట ఎల్లప్పుడును ఘోరమైన తప్పు" అని విద్యార్థులకు బోధించుట కూడ పరీక్షింపని మాటయే.

హైదరాబాదు, పోర్టు బ్లేరుల నడుమ మెర్కేటరు పటముపై సరళరేఖ గీయుడు. గ్లోబుపై దారము లాగుడు. రెండు మార్గములును మచిలీపట్నము ప్రాంతమున తీరము దాటి బంగాళాఖాతముపైకి పోవును. నడిమి సముద్రముమీద మహావృత్తము ఆ రేఖకు ఉత్తరముగా పదమూడు కిలోమీటర్ల దరిదాపున తొలగును. ఆ రేఖ వెంబడి నిజముగా ప్రయాణించినచో ఎక్కువగు దూరము ఒక కిలోమీటరు కూడ ఉండదు.

ఇప్పుడు అదే పటముపై హైదరాబాదునుండి అమెరికాలోని చికాగోకు సరళరేఖ గీయుడు. అది అట్లాంటికు సముద్రముమీదుగా పోవును. ఆ రేఖ వెంబడి దూరము సుమారు 16,100 కిలోమీటర్లు. మహావృత్తము ఉత్తరముగా 79 డిగ్రీల అక్షాంశమువరకు, అనగా ధ్రువ సముద్ర ప్రాంతమునకు ఎగబాకి దిగును. దాని దూరము సుమారు 13,300 కిలోమీటర్లు. తేడా 2,800 కిలోమీటర్లు! పటము అదియే, సరళరేఖ అదియే. ఒకచోట దోషము లెక్కకు రాదు. మరియొకచోట దేశమంత యున్నది. ఉష్ణమండలములో తక్కువ దూరములకు పటము మోసగింపదు. ఉత్తరమున దీర్ఘ దూరములకు మోసగించును. ఈ భేదమును చూపక పటమును నిందించువారు, పటమును గ్రుడ్డిగా నమ్మినవారికన్న మిన్న కారు.

అయితే పటముపై మరియొక ఆక్షేపణ నిలుచును. పటము మూలన నున్న స్కేలు ఏ అక్షాంశమునకు వర్తించునో చాల గోడపటములు చెప్పవు. భూమధ్యరేఖ స్కేలుతో పదునైదు డిగ్రీల అక్షాంశమున కొలిచినచో నూటికి మూడున్నర పాళ్ళు ఎక్కువ వచ్చును. ఇది ముద్రాపకులు ఒక వాక్యముతో సరిదిద్దదగిన లోపము.

విమానము నిజముగా పోవు దారి

ఇంతవరకు చెప్పిన 1,660 కిలోమీటర్లు జ్యామితి దూరము. విమానము దానిని తు.చ. తప్పక అనుసరించునా? అనుసరింపదు. విమానము రన్‌వే ఉన్న దిక్కుననే లేవవలెను. నిర్ణీత వాయుమార్గములను కలుపుకొని పోవవలెను. ఇతర విమానములకు ఎడమిచ్చుచు, మేఘములను తప్పుకొనుచు పోవవలెను. దిగునపుడు మరల రన్‌వే దిక్కునకు తిరుగవలెను. కావున ఎగిరిన దూరము ఎల్లప్పుడును కొంత ఎక్కువ. ఆ ఎక్కువ యెంతయో దినమునకొక తీరుగ నుండును. కనుక పట్టికలలో "గగన మార్గ దూరము" అనుటకంటె "కనిష్ఠ దూరము" అనుట సత్యమునకు దగ్గర.

కాలముతో చేర్చి చెప్పునపుడు గాలిని మరువరాదు. విమానము గాలితో పోల్చినపుడు గంటకు 800 కిలోమీటర్ల వేగముతో పోవుచున్న దనుకొందము. గాలి లేనిచో 1,660 కిలోమీటర్లకు రెండు గంటల నాలుగు నిమిషములు పట్టును. గంటకు 60 కిలోమీటర్ల ఎదురుగాలి యున్నచో రెండుంబావు గంటలు. అంతే వేగముతో వెనుకగాలి యున్నచో ఒక గంట యేబదియారు నిమిషములు. పోవుటకు వచ్చుటకు పందొమ్మిది నిమిషముల తేడా వచ్చినను దూరము మారలేదు. వర్షర్తువున దక్షిణ భారతముపై మిక్కిలి ఎత్తున బలమైన తూర్పు గాలులు వీచును. ఈ గాలుల ప్రవాహమును మన వాతావరణ శాస్త్రజ్ఞుడు పి. కోటేశ్వరం 1958లో ప్రకటించిన పరిశోధనలో వివరించెను. ఆ ఋతువులో అండమానుల వైపు పోవుట గాలికి ఎదురీదుటయే.

తక్కువ దూరమే తక్కువ కాలమని చెప్పుటకు వీలులేదనుటకు పెద్ద ఉదాహరణము కలదు. 2016 అక్టోబరులో ఢిల్లీనుండి శాన్ ఫ్రాన్సిస్కోకు పోవు విమానమును అట్లాంటికు మార్గమునుండి పసిఫిక్ మార్గమునకు మార్చిరి. దూరము వెయ్యి కిలోమీటర్లకు పైగా పెరిగినది. అయినను గాలి వెనుకనుండి తోడ్పడుటచే ప్రయాణ కాలము తగ్గినది.

కొలతనుగూర్చియు ఒక మాట. విమానయానమున, నౌకాయానమున దూరమును నాటికల్ మైళ్ళలో చెప్పుదురు. అక్షాంశములో ఒక నిమిషము, అనగా డిగ్రీలో అరువదవ వంతు, సుమారుగా ఒక నాటికల్ మైలు. దానిని 1929లో 1.852 కిలోమీటర్లుగా స్థిరపరచిరి. సాధారణ మైలు 1.609 కిలోమీటర్లు. హైదరాబాదు, పోర్టు బ్లేరుల దూరము 896 నాటికల్ మైళ్ళు. దీనిని "896 మైళ్ళు" అని మాత్రమే వ్రాసి, మరియొకరు సాధారణ మైళ్ళనుకొని కిలోమీటర్లలోనికి మార్చినచో 1,442 వచ్చును. ఒక విశేషణము జారిపోవుటచే 218 కిలోమీటర్లు మాయమగును.

ములుగునుండి చూచినచో

ములుగు సుమారు 18.2 డిగ్రీల అక్షాంశమున, 79.9 డిగ్రీల రేఖాంశమున నున్నది. ఇక్కడనుండి పోర్టు బ్లేరునకు కనిష్ఠ దూరము సుమారు 1,555 కిలోమీటర్లు. అనగా శంషాబాదుకన్న మనమే ఆ ద్వీపమునకు నూరు కిలోమీటర్లు దగ్గర! ఈ మాట తరగతిలో చెప్పిన విద్యార్థులు నవ్వుదురు. ఏలయన ములుగువాడు విమానమెక్కుటకు మొదట పడమటగా హైదరాబాదు పోవలెను. ద్వీపమునకు వీపు చూపి నడువవలెను. ములుగునుండి శంషాబాదుకు సూటిగా కొలిచినను 192 కిలోమీటర్లు. అక్కడనుండి 1,660. మొత్తము 1,852. త్రిభుజములో రెండు భుజముల మొత్తము మూడవ భుజముకంటె ఎక్కువ అను పాఠము మన ప్రాంతపు ప్రయాణికునికి మూడువందల కిలోమీటర్ల భారము.

నిజాము కాలమున వరంగల్లు చెంత మామునూరులో విమానాశ్రయము వెలసినది. అక్కడ ప్రయాణికుల రాకపోకలు ఆగి దశాబ్దములు గడచినవి. దానిని పునరుద్ధరించుటకు 2025లో కేంద్ర ప్రభుత్వము అనుమతి నిచ్చినది. విమానాశ్రయములు మారినపుడు భూమి మారదు. మనుష్యుల దూరములు మారును. అందుచేతనే దూరము చెప్పునపుడు "ఎక్కడనుండి" అను ప్రశ్న అప్రధానము కాదు.

గ్రంథకర్తలకు, ఉపాధ్యాయులకు విన్నపము

ప్రతి ముద్రిత దూరమునకును నాలుగు సంగతులు తోడుగా నుండవలెను: ఏ బిందువునుండి ఏ బిందువునకు, ఏ మార్గమున (మహావృత్తమా, ఓడ దారియా, రోడ్డా), ఏ కొలతలో, ఎంత ఉజ్జాయింపుతో. "శంషాబాదు, పోర్టు బ్లేరు విమానాశ్రయముల నడుమ మహావృత్త దూరము 1,660 కిలోమీటర్లు, ఒకటి రెండు ఇటు అటు" అని వ్రాసిన వాక్యము పొడవైనదే. కాని అది శాస్త్రీయమైన వాక్యము. దానిని ఎవరైనను పరీక్షింపవచ్చును. పట్టికలో ఇంత చోటు లేదన్నచో, పట్టిక క్రింద ఒకే పంక్తిలో ఈ నాలుగింటిని చెప్పవచ్చును.

ఉపాధ్యాయులు ఒక గంటలో చేయించదగిన ప్రయోగమిది. ముప్పది సెంటీమీటర్ల వ్యాసము గల గ్లోబుపై ఒక సెంటీమీటరు సుమారు 425 కిలోమీటర్లు. దారముతో చెన్నై, పోర్టు బ్లేరుల నడుమ కొలిచిన 3.2 సెంటీమీటర్లు రావలెను. పుస్తకములోని 1,190కి 2.8 సెంటీమీటర్లే రావలెను. నాలుగు మిల్లీమీటర్ల తేడా కంటికి కనబడును. ఒక మిల్లీమీటరు పొరపాటు 42 కిలోమీటర్లగునని కూడ చెప్పవలెను. అప్పుడు కలకత్తా అంకెలోని 42 కిలోమీటర్ల తప్పును దారముతో పట్టుకొనలేమని, దానికి లెక్కయే శరణ్యమని వారికే తోచును. ఏ పరికరము ఎంతవరకు చెప్పగలదో, ఎక్కడ ఊరకుండవలెనో తెలిసికొనుట కొలతలో మొదటి పాఠము.

పోటీ ముగిసిన తరువాతి వారము నేను మరల ఆ పాఠశాలకు పోయితిని. ఆమె తరగతిలోనే నిలుచుండి, ఆమె సమాధానము ఒప్పని, నా కాగితము తప్పని చెప్పి, లెక్క నల్లబల్లపై వేసి చూపితిని. బహుమతి అప్పటికే మరియొకరికి చేరినది. దానిని మార్చుటకు వీలుపడలేదు. లెక్క ముగిసిన పిదప ఆ బాలిక అడిగిన ప్రశ్న ఇది: "మరి కలకత్తాది గూడ తప్పేనా సార్?" ఆ లెక్కను ఆమెచేతనే వేయించితిని.